కున్‌చుకి మైకు పెడితే అది కున్‌చు అవుతుందా? చైనా ఒపేరాను కొత్తవాళ్ళ కోసం మార్చడంపై చర్చ

హాంగ్‌జౌ డాక్టరమ్మ:
చైనాలో మెడిసిన్ చదివిన రోజుల్లో నాకు ఒపేరా పిచ్చి పట్టుకుంది. మొదట చూసింది సుజౌ నగరంలో, ఒక చిన్న హాల్లో. చైనా ఒపేరాల్లో పాతదైన కున్‌చు శైలి, 'ముదాన్‌తింగ్' నాటకంలో ఒక్క ఘట్టం. కలలో కనిపించిన అబ్బాయి మీద బెంగతో ప్రాణం వదిలి, మళ్ళీ బతికొచ్చే అమ్మాయి కథ అది. తాంగ్ షియెన్‌జు 1598లో రాశాడు, మొత్తం 55 రంగాలు. రచయిత బాయ్ షియెన్‌యోంగ్ పూనుకుని 2004లో దాన్ని 27 రంగాలకు కుదించి, మూడు రాత్రుల్లో తొమ్మిది గంటల నాటకంగా, కుర్ర నటులతో వేయించారు. యూనివర్సిటీలన్నీ తిప్పారు. కున్‌చు ముసలివాళ్ళ వ్యవహారం అనుకున్న పిల్లలే వచ్చి హాళ్ళు నింపారు. సంప్రదాయ నాటకానికి ఇంతకంటే మేలు ఇంకెవరూ చేయలేదని నా నమ్మకం. మీరేమంటారు?

హార్మోనియం పెట్టె:
మైకులు పెట్టారా, లేదా?

హాంగ్‌జౌ డాక్టరమ్మ:
పెద్ద హాళ్ళు కదండీ, పెట్టారు.

హార్మోనియం పెట్టె:
అయితే అది కున్‌చు కాదు. కున్‌చు పాటలో ఒక్కో అక్షరాన్ని తల, పొట్ట, తోక అని విడదీసి సాగదీస్తారు. గొంతును అంటిపెట్టుకుని వెదురు వేణువు నడుస్తుంది. ఆ రెండూ ఎంత దగ్గరగా ఉండాలో పాడేవాళ్ళకీ ఊదేవాళ్ళకీ మాత్రమే తెలుసు. మైకు పెట్టాక ఆ లెక్క సౌండు బాక్సు దగ్గర కూర్చున్నవాడి చేతిలోకి పోతుంది.

గోంగూర పచ్చడి:
మైకు లేకపోతే వెనక వరసవాళ్ళకి ఏం వినపడుతుంది సార్?

పాతపుస్తకం:
మైకు సంగతి తర్వాత. 55లో 28 రంగాలు కోసేశారు. సగం కంటే ఎక్కువ పోయాక దాన్ని కాపాడడం అంటారా?

హాంగ్‌జౌ డాక్టరమ్మ:
కోశారు గానీ తిరగరాయలేదు. తీసేయవచ్చు, మార్చకూడదు అని వాళ్ళే నియమం పెట్టుకున్నారు. అంతకుముందు మాత్రం 55 రంగాలూ రోజూ ఆడారా? తరతరాలుగా ఆడుతూ వచ్చింది విడి ఘట్టాలే. ఆ లెక్కన 27 ఎక్కువే. ఇంకో మాట. 1956లో జెజియాంగ్ బృందం 'పదిహేను దండల డబ్బు' అనే పాత నాటకాన్ని కుదించి బీజింగ్‌లో ఆడింది. 'ఒక్క నాటకం ఒక కళారూపాన్నే బతికించింది' అని అక్కడి కమ్యూనిస్టు పార్టీ పత్రిక పీపుల్స్ డైలీ రాసింది. అప్పుడూ కోతే, ఇప్పుడూ కోతే. కోయకపోతే కున్‌చు ఈపాటికి మ్యూజియంలో ఉండేది.

హార్మోనియం పెట్టె:
ఆ నాటకం ఆడిందెవరు? న్యాయాధికారి వేషం జౌ చువాన్‌యింగ్‌ది, దొంగ వేషం వాంగ్ చువాన్‌సోంగ్‌ది. ఇద్దరూ 1921లో సుజౌలో పెట్టిన కున్‌చు బడిలో చిన్నప్పుడు నేర్చుకున్నవాళ్ళు. ఇద్దరి పేర్లలోనూ ఉన్న 'చువాన్' అనే అక్షరానికి అర్థమే 'తర్వాతివాళ్ళకి అందించడం'. 1956లో జనం చప్పట్లు కొట్టారంటే, 35 ఏళ్ళ ముందు ఎవరో పిల్లల్ని కూర్చోబెట్టి నేర్పించారు కాబట్టే. ఆ నేర్పినవాళ్ళ గురించి మీరొక్క మాట అనరు. మీకెంతసేపూ హాలు నిండిందా లేదా అన్నదే.
అసలు 'కొత్త ప్రేక్షకుల కోసం' అనే మాట వింటేనే నాకు భయం. మావో కాలం నాటి సాంస్కృతిక విప్లవంలో పాత నాటకాలన్నీ ఆపేసి, 'ఆదర్శ నాటకాలు' కొన్ని మాత్రమే ఆడించారు, పాశ్చాత్య వాద్యాలు కలిపి మరీ. అదీ ప్రజల కోసమే అన్నారు.

హాంగ్‌జౌ డాక్టరమ్మ:
సార్, ఇది అన్యాయం. నిషేధాన్నీ ప్రేమతో చేసిన పనినీ ఒకే గాటన కడతారా?
మీలాంటివాళ్ళని నేను ఇంట్లోనే చూశాను. మా తాతయ్య పద్యనాటకాల్లో కృష్ణుడు కట్టేవాడు. శిష్యుడు రాగం కాస్త అటూ ఇటూ చేస్తే మర్నాటి నుంచి రావద్దనేవాడు. మా అమ్మ నేర్పమని అడిగితే ఆడపిల్లకెందుకన్నాడు. ఆయన పోయాక ఆ వరసలు ఒక్కరికీ రావు. అన్నీ శుద్ధంగానే ఉన్నాయి, ఆయనతోపాటే కాలిపోయాయి.

వేదిక నిర్వాహకులు:
ఇద్దరూ కాస్త నెమ్మది. మనుషుల మీదకి వెళ్ళకండి.

రైలుబండి:
2023లో హాంగ్‌జౌలో యుయెజు అనే మరో ఒపేరా శైలి వాళ్ళు ప్రేక్షకుల్ని సత్రంలో అతిథుల్లా చుట్టూ కూర్చోబెట్టి ఒక నాటకం ఆడారు కదా. మగవేషం కట్టిన చెన్ లీజున్ అనే నటి వీడియో ముక్క ఫోన్లలో తిరిగితే టికెట్లు దొరకలేదట. ఆ ప్రేక్షకులు పాత నాటకాలకీ వస్తే సంతోషమే.

హార్మోనియం పెట్టె:
డాక్టరమ్మా, మీ తాతగారి సంగతి చదివి రాత్రంతా ఆలోచించాను. నాదీ చెప్తాను.
మా నాన్న ముప్పై ఏళ్ళు నాటకాలకి హార్మోనియం వాయించారు. పద్యం చివర రాగం ఎంతసేపు సాగాలో ఎక్కడా రాసి ఉండదు. నటుడి మెడ నరం చూసి, ఇంకా ఊపిరుందో లేదో కనిపెట్టి, ఆయన హార్మోనియం తిత్తి నొక్కేవారు. ఒక నాటక సమాజం వాళ్ళు వచ్చి 'ఒక్కసారి మొత్తం వాయించి ఇవ్వండి, క్యాసెట్ చేసుకుంటాం' అన్నారు. వాయించారు. తర్వాత ఆ సమాజం నుంచి కబురు రాలేదు. నటులు ఆ టేపుకి సరిపడా పాడడం అలవాటు చేసుకున్నారు, ఊపిరి మిగిలినా ఆపేసేవారు.
నా గొడవ మైకు గురించి కాదు. కళని బతికించాం అంటూనే పక్కన వాయించేవాడిని ఇంటికి పంపేస్తారు. అది నేను కళ్ళారా చూశాను.

హాంగ్‌జౌ డాక్టరమ్మ:
ఈ మాట మొదటే చెప్పాల్సింది సార్. నేను మైకు పట్టుకుని వేలాడేదాన్ని కాదు.
మరి ఇది వినండి. బాయ్ షియెన్‌యోంగ్ తన నాటకంలో నాయికా నాయకులు కట్టిన ఇద్దరు కుర్ర నటుల్ని నేరుగా స్టేజీ ఎక్కించలేదు. షెన్ ఫెంగ్‌యింగ్‌ని జాంగ్ జిచింగ్ అనే పెద్ద నటికీ, యూ జియూలిన్‌ని వాంగ్ షియు అనే పెద్ద నటుడికీ అప్పగించారు. పాత పద్ధతిలో అందరి ముందూ సాష్టాంగపడి శిష్యులయ్యారు, తర్వాతే సాధన. నేను సుజౌలో చూసిన అమ్మాయి దుస్తుల చేతుల చివర వేలాడే పొడవాటి తెల్ల గుడ్డని మణికట్టుతో మూడు విసుర్లలో మడతలుగా వెనక్కి తెచ్చుకుంది. డోలు ఆయన చూపు ఆ మణికట్టు మీదే. మడత పడేదాకా దెబ్బ వేయలేదు. మీ నాన్నగారు చేసింది అదే కదా?

హార్మోనియం పెట్టె:
అదే. మీరు ఏ వరసలో కూర్చున్నారు?

హాంగ్‌జౌ డాక్టరమ్మ:
రెండో వరస. వేణువు ఆయన ఊపిరి పీల్చుకోవడం కూడా వినపడింది. ఆ రోజు మైకు లేదు, ఒప్పుకుంటున్నాను. కానీ ఆ హాల్లో ఉన్నది నలభై మంది. నలభై మందితో ఆ డోలు ఆయన ఇల్లు గడుస్తుందా చెప్పండి.

పాతపుస్తకం:
28 రంగాల సంగతి ఎవరూ తేల్చలేదు.

గోంగూర పచ్చడి:
హార్మోనియం గారూ, నాన్నగారి క్యాసెట్ ఉందా? ఉంటే ఇక్కడ పెట్టండి, అందరం వింటాం.

హార్మోనియం పెట్టె:
ఉంది. ఇక్కడ పెట్టను తమ్ముడూ. హార్మోనియం తెచ్చుకుని పక్కన కూర్చుని నేర్చుకుంటానని ఎవరైనా వస్తే ఇస్తాను. మాది తెనాలి దగ్గరే.