అప్‌డేట్: తమ్ముడికి టెక్కలిలో సీటు వచ్చిందండి

రెండు ప్రైవేటు యూనివర్సిటీలు కాదన్నాయి, ఈఏపీసెట్ (ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష) కౌన్సెలింగ్ మొదటి విడతలోనూ సీటు రాలేదు, తమ్ముడు అన్నం కూడా సరిగ్గా తినట్లేదు, ఏం చేయాలి అని పోయిన నెల పలాస నుంచి అడిగాను కదా. మీలో ఒకరు వెబ్ ఆప్షన్లు (కావాల్సిన కాలేజీ, బ్రాంచి మనం ఆన్‌లైన్లో వరుసగా ఎంచుకునేవి) ఎన్ని పెట్టారని అడిగారు. చూస్తే ఆరే! అన్నీ విశాఖ, విజయనగరం కాలేజీల్లో సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్) సీట్లే. ఎన్ని పెట్టినా నష్టం లేదని, మనం పెట్టిన వరుసలో పైనుంచి చూసుకుంటూ వచ్చి ర్యాంకుకి అందే మొదటి సీటు ఇస్తారని మాకు అప్పటిదాకా తెలీదు.

రెండో విడతకి ముందు ఇద్దరం టెక్కలి, రాజాం వెళ్లి కాలేజీలు చూసొచ్చాం. టెక్కలిలో ఓ సీనియర్ తను చేసిన సర్క్యూట్ బోర్డు తమ్ముడి చేతిలో పెట్టి అరగంట ఓపిగ్గా చెప్పాడు, తమ్ముడు ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ బ్రాంచి) అన్నది ఆ తర్వాతే. ఈసారి 38 ఆప్షన్లు పెట్టాం, అదే వచ్చింది. రోజూ ఇంటి నుంచి బస్సులో వెళ్లిరావచ్చు, హాస్టల్ ఖర్చు తప్పింది.

అమ్మ జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్తుంది. జీడి నూనెకి నల్లబడ్డ వేళ్లతో అలాట్‌మెంట్ కాగితం అంచు పట్టుకుని నాచేత రెండుసార్లు చదివించుకుంది.

అందరికీ పేరుపేరునా థాంక్స్ అండి. వాడు లెక్కల్లో కొంచెం వీక్, మొదటి సెమిస్టర్‌కి ఇప్పటినుంచే ఏం చదివించమంటారు?