రాజీవ్ గాంధీని చంపింది పగతోనా, మళ్లీ వస్తాడన్న భయంతోనా?

చౌరస్తా చాయ్:
నిన్న హన్మకొండ చౌరస్తాలో చాయ్ దగ్గర మొదలైన లొల్లి, రాత్రి దాకా తెగలేదు. మా చిన్నాయిన మాట: "శ్రీలంకకు సైన్యాన్ని పంపిండు, అక్కడ తమిళ దేశం కోసం కొట్లాడే ఎల్టీటీఈ పగ తీర్చుకుంది, ఇంకేమున్నది?" నాకది సగమే అనిపిస్తోంది. సైన్యం 1990 మార్చికే తిరిగొచ్చేసింది, రాజీవ్ అప్పటికి పదవిలోనే లేడు. మరి 1991 మే 21 దాకా ఆగి సరిగ్గా ఎన్నికల మధ్యలో ఎందుకు చంపారు? గెలిస్తే మళ్లీ సైన్యాన్ని దింపుతాడన్న భయంతోనే అని నా లెక్క.

కాకతీయ 72:
తమ్మీ, ఎన్నికలప్పుడైతేనే నాయకుడు జనంలోకి వచ్చి దండలు వేయించుకుంటడు. పైగా ప్రధాని పదవి పోయాక ప్రధానులను కాపాడే ఎస్పీజీ దళం రక్షణ కూడా తీసేశారు. అంటే అది చంపడానికి దొరికిన సందు, కారణం కాదు. 1999లో సుప్రీంకోర్టు కూడా దీన్ని టాడా అనే ఉగ్రవాద నిరోధక చట్టం కింద ఉగ్రవాద చర్యగా ఒప్పుకోలేదు, ఎల్టీటీఈ నాయకుడు ప్రభాకరన్‌కు రాజీవ్ మీదున్న వ్యక్తిగత ద్వేషం గురించి తీర్పులో రాసింది.

గట్టు మీది మనిషి:
లాభపడ్డది ఎవరో చూడరా? ఆ ఎన్నికల్లో పోటీకే దిగని మన వంగర పీవీ, సరిగ్గా నెలకు, జూన్ 21న ప్రధాని అయిండు.

చౌరస్తా చాయ్:
గట్టు అన్నా, ఇల్లు కాలిపోతే మళ్లీ కట్టడానికి వచ్చిన మేస్త్రీయే అంటుపెట్టినట్టా? వదిలేయ్.
కాకతీయ అన్నా, ఎస్పీజీ సంగతి నాకు తట్టలేదు, ఒప్పుకుంటా. కానీ మే 7న మద్రాసులో వీపీ సింగ్ సభకు పోయి రిహార్సల్ చేసుకున్నారు కదా, అంత లెక్కగా పోయేవాళ్లది ఉత్త కోపమేనా?

కాకతీయ 72:
పగకు ఓపిక ఉండదని ఎవరన్నరు? ఊళ్లల్ల గెట్టు పంచాయితీలు చూడలేదా? ఇంకోటి, రాజీవ్‌ను చంపిన శ్రీపెరుంబుదూర్ సభకు ఫొటోలు తీయడానికి మనిషిని తీసుకుపోయారు. ఆ హరిబాబు పేలుడులో పోయాడు, కెమెరా మాత్రం దొరికింది, చందనం దండ పట్టుకుని నిలబడ్డ మానవబాంబు ధను అందులోనే కనిపించింది. భయంతో చంపేవాడు ఫొటో తీయించుకుంటడా? మరుసటేడే ఎల్టీటీఈని మన దేశంలో నిషేధించారు, లెక్క వేసుకున్నోడు ఆ పని చేస్తడా?

చౌరస్తా చాయ్:
లెక్క తప్పిందంటే అసలు లెక్కే వేయలేదని కాదు కదా అన్నా. దాడులను రికార్డు చేసుకోవడం వాళ్లకు ముందునుంచీ అలవాటే. అయినా ఆ కెమెరా ముచ్చట మా చిన్నాయినకు మాత్రం చెప్పను, రేపు చాయ్ పైసలు నాతోనే కట్టిస్తాడు.