“అల్పవిశ్వాసీ”: ఇందులో అల్పం తిట్టా, కొలతా?

మల్లెపందిరి

సభ్యులందరికీ నమస్కారం. మత్తయి సువార్త పద్నాలుగో అధ్యాయంలో శిష్యుడు పేతురు నీళ్లమీద నడిచి, అంతలో భయపడి మునగబోయిన ఘట్టం చివర యేసు అన్న మాట నా నోట “అల్పవిశ్వాసీ, ఏల సందేహించితివి” అని ఆడుతోంది, కాని ఇంట్లో ఉన్న బైబిలులో ఆ వరస కనిపించడం లేదు. మా చెల్లెలు పట్నంలో స్థిరమైన నర్సు ఉద్యోగం మానుకుని ఏజెన్సీలోని ఒక చిన్న మిషన్ ఆసుపత్రికి వెళ్లడానికి సిద్ధపడింది. తీరా రాజీనామా ఇచ్చాక, “అక్కా, అక్కడ నా వల్ల కాకపోతే ఏ ముఖం పెట్టుకుని తిరిగి రాను?” అని బెంగ పెట్టుకుంది. తనకు రాస్తున్న ఉత్తరంలో ఈ వాక్యం వాడదామని ఉంది. సరైన పాఠం ఏదో చెప్పగలరా? “అల్పవిశ్వాసీ” అని రాస్తే తను దాన్ని తిట్టుగా తీసుకుంటుందా?

పాతపుస్తకాలవాడు

అమ్మా, మనందరి ఇళ్లలో ఉండే పాత అనువాదంలో పాఠం ఇది: “వెంటనే యేసు చెయ్యిచాపి అతని పట్టుకొని అల్పవిశ్వాసీ, యెందుకు సందేహపడితివని అతనితో చెప్పెను.” మీ నోట ఆడుతున్న “ఏల” ఇరవై రెండో కీర్తన నుంచి వచ్చి చేరి ఉంటుంది. అక్కడ “నన్ను ఏల విడనాడితివి” అని ఉంది. అదే మాట సిలువ మీద పలికినప్పుడు మత్తయిలో “నన్నెందుకు చెయ్యి విడిచితివి” అయింది. ఇక రెండో ప్రశ్నకు వస్తే, నా మటుకు అది తిట్టే. “అల్పుడెపుడు పల్కు నాడంబరముగాను” అని వేమన అన్నప్పుడు ఎవరూ కొలబద్ద పట్టుకుని చూడరు, “అల్పబుద్ధివాని కధికార మిచ్చిన” అన్నప్పుడూ అంతే. తెలుగువాడి చెవిలో అల్పానికి నీచత్వపు వాసన ఉంది కనుక, ఉత్తరంలో ఆ సంబోధన వదిలేసి మిగతాది రాయడం మేలు.

లంకలపల్లె

మాస్టారికి నమస్కారం. వేమన పద్యాలు రెండూ అందరికీ వచ్చినవే, కాని అల్పాహారం తిని బయలుదేరి, దారిలో రేడియోలో అల్పపీడనం సంగతి విని వెనక్కి తిరిగే మా కోనసీమవాళ్లకు ఆ మాటలో నీచత్వమేదీ తగలదు. అల్పసంతోషి అని ఒకరిని అంటే కాస్త వేళాకోళం ఉంటుందేమో గాని అవమానం ఉండదు. పేతురు విషయంలోనూ అది కొలతే అని నా అభిప్రాయం.

వ్యాకరణపు పిచ్చి

క్షమించాలి, అల్పసంతోషి ఇక్కడ సాక్ష్యానికి పనికిరాదు, ఎందుకంటే అది అల్పముచేత సంతోషించేవాడు అనే తృతీయా తత్పురుష. అల్పవిశ్వాసి అలా విడదీయడానికి లొంగదు. అసలు చిక్కంతా చివరి “సి” అక్షరంలో ఉంది. అల్పమైన విశ్వాసము ఎవనికి కలదో వాడు అని బహువ్రీహిగా చెప్పదలిస్తే, మందభాగ్యుడు అన్నట్టే అల్పవిశ్వాసుడు అని, సంబోధనలో అల్పవిశ్వాసుడా అని ఉండాలి. బహువ్రీహితో అర్థం వచ్చేచోట కర్మధారయం చేసి దానికి మళ్లీ “కలవాడు” అనే ప్రత్యయం తగిలించకూడదని సంస్కృత వైయాకరణులు స్పష్టంగానే చెప్పారు. “విశ్వాసి” అనే సిద్ధమైన పదానికి ముందు “అల్ప” చేర్చారు కనుక, వచ్చే అర్థం అల్పుడైన విశ్వాసి అని. అంటే, నాకిష్టం లేకపోయినా, మాస్టారి పక్షమే గెలుస్తోంది.

పాతపుస్తకాలవాడు

మీకిష్టం లేకుండా గెలవడం నాకు మరీ ఇష్టం. అయితే ఒక్క మాట. గ్రీకు మూలంలోని “ఒలిగోపిస్తోస్” మీరు చెప్పే బహువ్రీహి లాంటిదే, కొద్దిపాటి విశ్వాసం కలవాడు అని. అనువాదకులు ఆ అర్థాన్నే ఉద్దేశించి, సంఘంలో అప్పటికే వాడుకలో ఉన్న “విశ్వాసి”ని తీసుకుని ఉంటారు. కనుక మీ సూత్రం వారిని పట్టదు గాని వేమన పడతాడు.

ఆవగింజ

కొలత అన్నవారికి ఒక ప్రశ్న. ఇదే సువార్త పదిహేడో అధ్యాయంలో శిష్యులు ఒక పిల్లవాణ్ని బాగుచేయలేక, అందరి ఎదుటా భంగపడి, మావల్ల ఎందుకు కాలేదని ఏకాంతంగా అడిగితే, “మీ అల్పవిశ్వాసముచేతనే” అని జవాబు వచ్చింది. ఆ వెంటనే ఆవగింజంత విశ్వాసం ఉంటే కొండనైనా కదలమనవచ్చునని అన్నాడు. ఆవగింజ కన్నా అల్పమైన కొలత మన వంటింట్లో ఏముంది? అంత చాలునన్నప్పుడు, చాలలేదన్నది పరిమాణం కాదని తేలుతుంది. నా దృష్టిలో ఇక్కడ అల్పమంటే నిడివిలో అల్పం, అంటే మధ్యదారిలో నిలిచిపోయేది. పేతురు దోనె దిగినప్పుడు, కొన్ని అడుగులు వేసినప్పుడు ఆ విశ్వాసం సరిపోయింది. “గాలిని చూచి భయపడి” అన్నచోట తెగింది. చెల్లెమ్మ భయం కూడా రాజీనామాకు ముందు కాక తర్వాత వచ్చిందని అక్కగారు రాశారు కదా.

ఇంకొకటి. శిష్యులందరినీ కలిపి “అల్పవిశ్వాసులారా” అనడం ఆరు, ఎనిమిది, పదహారు అధ్యాయాల్లో ఉంది. ఏకవచనంలో ఒక్క మనిషిని పట్టుకుని అన్నది ఇక్కడ మాత్రమే. ఆ మాట పడ్డవాడు దిగినవాడు. దోనెలో కూర్చుని చూస్తున్న పదకొండుమందిని ఆ పూట ఎవరూ ఏమీ అనలేదు.

లంకలపల్లె

మార్కులోనూ యోహానులోనూ యేసు నీళ్లమీద నడిచిన కథ ఉంది గాని పేతురు దిగిన సంగతి లేదు, మత్తయి ఒక్కడే రాశాడు. ఇక దోనె విషయం. మా వైపు దోనె అంటే చెట్టు మాను తొలిచి చేసినది, ఇద్దరు కూర్చుంటే ఊగేది. 1986లో కరవు వల్ల గలిలయ సరస్సు నీరు తగ్గినప్పుడు ఒడ్డు బురదలో బయటపడ్డ ఆ కాలపు పడవ 8 మీటర్ల పైచిలుకు పొడవు, 2 మీటర్ల పైచిలుకు వెడల్పు ఉంది. దాన్ని పలకలు కూర్చి కట్టారు. పన్నెండు మంది అటువంటిదానిలో పడతారు. దోనె దిగడం, పడవ దిగడం ఒకటి కావు. దోనె నుంచి నీళ్లలోకి కాలు జారినట్టే దిగిపోవచ్చు, పడవ అంచు దాటాలంటే కాలెత్తి, మనసు గట్టి చేసుకుని దిగాలి. అనువాదకులు ఇక్కడ పడవ అని ఉంటే పేతురు తెగువ ఇంకా కనిపించేది.

మల్లెపందిరి

దోనె గురించి రాసినది చాలా బాగుంది, కృతజ్ఞతలు. అయితే నేను సంబోధన ఉంచాలా, తీసేయాలా?

పాతపుస్తకాలవాడు

వస్తున్నానమ్మా. నీళ్లలో ఉండి కేక వేసినవారిలో మనకు మొదట గుర్తుకు రావలసినది గజేంద్రుడు. “లావొక్కింతయు లేదు ధైర్యము విలోలంబయ్యె” అని ప్రాణం కడంటినప్పుడు “నీవే తప్ప నితఃపరం బెరుఁగ” అన్నాడు. దానికి ముందు పోతన అతని నోట ఏమి పలికించాడో చూడండి: “కలఁడు కలం డనెడివాఁడు గలఁడో లేఁడో.” పేతురు సందేహం గాలిని గురించి, గజేంద్రుడి సందేహం ఏకంగా దేవుడి ఉనికిని గురించి. అయినా వచ్చినవాడు, సిరికైనా చెప్పకుండా పరుగెత్తి వచ్చినవాడు, యెందుకు సందేహపడితివని ఒక్క మాట అనలేదు. పోతన దగ్గర సందేహం శరణాగతికి మెట్టు. ఆ “కలఁడో లేఁడో”లోని రెండు ఓకారాలను తెలుగు పద్యంలో మించిన సందేహం నేను చదవలేదు.

ఆవగింజ

మాస్టారు పోతన దగ్గరికి వెళ్తే తిరిగి రావడం కష్టమని తెలిసే మనవి చేస్తున్నాను. గజేంద్రుడు మడుగులోకి దిగింది దాహానికి, జలక్రీడకు. ఎవరూ పిలవలేదు, అతను ఎవరి సెలవూ అడగలేదు. పేతురు “నీవే అయితే నీళ్లమీద నడిచి నీయొద్దకు వచ్చుటకు నాకు సెలవిమ్మని” అడిగి, రమ్మన్నాకే దిగాడు. పిలిస్తే దిగినవాడి సందేహం వేరు. మత్తయి వాక్యంలో అసమాపక క్రియల వరస కూడా చూడండి: “చెయ్యిచాపి”, “పట్టుకొని”, ఆ తర్వాతే “చెప్పెను”. పట్టుకున్నాక అన్న మాట అది. చేతికి చిక్కిన మనిషితో అన్న “అల్పవిశ్వాసీ”లో మాస్టారు చెప్పే నీచత్వం ఎలా ఇముడుతుంది?

గుండ్లకమ్మ ఒడ్డు

ఒంగోలు నుంచి రాస్తున్నాను కనుక ఈ మాట చెప్పకుండా ఉండలేను. నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1840లో మొదలై, పన్నెండు పదమూడేళ్లు గడిచినా చెప్పుకోదగ్గ ఫలితం లేకపోతే, 1853లో దాన్ని మూసేద్దామా అని అమెరికాలోని మిషన్ పెద్దలు చర్చించారు. పటం మీద ఒంటరి నక్షత్రంలా ఉందని దానికి ఆ పేరే స్థిరపడింది. మరుసటి సంవత్సరం జనవరి 1న తెల్లవారుజామున ఆ మిషన్‌కు చెందిన లైమన్ జూయెట్ దంపతులు, కొద్దిమంది తెలుగు విశ్వాసులు మా ఊరి కొండెక్కి ప్రార్థన చేశారు. ఒంగోలులో పని చేయడానికి అదే మిషన్‌కు చెందిన క్లౌ దొర వచ్చేసరికి 1866 అయింది. మధ్యలో ఆ పన్నెండేళ్లు నిలిచినవారిని ఏమందాం?

భాషకు పనికొచ్చే సంగతి దాని తర్వాత ఉంది. 1876 నుంచి 1878 దాకా సాగిన కరవులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి కల్పించారు, కాని కూటికోసం వస్తున్నారేమోనని బాప్తిస్మాలు ఆపేశారు. కరవు తగ్గాక 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆపినన్నాళ్లు క్లౌ సందేహించారు, సందేహపడలేదు. ఆలోచించి ఆగడం సందేహించడం, కాళ్లకింద నేల కదిలిపోవడం సందేహపడటం. పేతురుకు “పడితివి” అనే వేశారంటే అనువాదకులకు ఈ తేడా తెలుసు.

వ్యాకరణపు పిచ్చి

అద్భుతమైన ఉదాహరణ, కాని సిద్ధాంతం నిలవదేమో. గ్రీకులో ఆ క్రియకు మూలం “రెండు” అనే మాట, రెండు దారుల మధ్య నిలబడటం. కొత్త నిబంధన మొత్తంలో అది రెండుసార్లే వచ్చింది. ఒకటి ఇక్కడ, రెండోది మత్తయి చివరి అధ్యాయంలో, పునరుత్థానుడైన యేసును కొండమీద చూసి మ్రొక్కినప్పుడు. అక్కడ తెలుగులో “కొందరు సందేహించిరి” అని ఉంది. మూలంలో ఒకే క్రియకు ఒకచోట “పడు”, ఒకచోట “ఇంచు” వేస్తే, తేడా తెలిసి వేశారనాలా, చెవికి బాగుందని వేశారనాలా?

గుండ్లకమ్మ ఒడ్డు

తెలిసే వేశారు. కొండమీద గట్టినేల ఉంది, అక్కడ సందేహించవచ్చు. నీళ్లమీద సందేహిస్తే పడటమే.

మల్లెపందిరి

ఉత్తరం రేపటి టపాలో వేయాలి. “చెయ్యిచాపి అతని పట్టుకొని” దాకా రాసి ఆపాను. ఆవగింజ గారి మాట ప్రకారం సంబోధన ఉంచాలని ఉంది, మాస్టారి మాట ప్రకారం తీసేయాలని ఉంది.

పాతపుస్తకాలవాడు

అమ్మా, ఉంచినా తప్పు లేదు. చెల్లెలు మీకన్నా బైబిలు ఎక్కువ చదివినదైతే ఉంచండి. ఇకపోతే “పడు” విషయంలో ఒంగోలువారితో ఏకీభవిస్తున్నాను. భయపడు, సిగ్గుపడు, బెంగపడు, ఇవన్నీ మనిషి తన ప్రమేయం లేకుండా లోనయ్యే స్థితులు. ఆశించడం బుద్ధి చేసే పని, ఆశపడటం మనసుకు పట్టే జాడ్యం. సందేహపడటమూ ఆ కోవలోదే కనుక, యేసు అడిగినది నేరారోపణ కాదు, పరామర్శ.

వ్యాకరణపు పిచ్చి

మాస్టారూ, అలాగైతే కష్టపడు, పాటుపడు, సిద్ధపడు సంగతేమిటి? వీటిలోకి ఎవరూ తమ ప్రమేయం లేకుండా జారిపోరు. అక్కగారి మొదటి సందేశంలోనే చెల్లెలు “సిద్ధపడింది” అని ఉంది. నిలబడటంలో ఏం పడిందో కూడా సెలవిస్తే, అప్పుడు “సందేహపడితివి” పరామర్శ అని ఒప్పుకుంటాను.