లేఅవుట్ ప్లాటుకు ప్రభుత్వ విలువ: ఎకరం ధరా, గజం ధరా?

ప్రశ్న (తెనాలి వాసి):
అందరికీ నమస్కారం. తెనాలి దగ్గరి ఒక గ్రామంలో, అనుమతి ఉన్న లేఅవుట్‌లో 200 గజాల ప్లాటుకు 30 లక్షలకు బేరం కుదిరింది. అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో మార్కెట్ విలువ (అదే ప్రభుత్వ విలువ) చూస్తే, సర్వే నంబరు కింద వ్యవసాయ భూమిగా ఎకరానికి 60 లక్షలని, అదే గ్రామంలో ఇళ్ల స్థలాల కింద గజానికి 8,000 అని రెండు లెక్కలు కనిపించాయి. ఈ రెండింటిలో నాకు వర్తించేది ఏది? పత్రంలో ప్రభుత్వ విలువ మాత్రమే రాయించి, మిగిలింది నగదుగా ఇస్తే సరిపోతుందని మధ్యవర్తి అంటున్నారు. ఇది మామూలేనా? పెద్దలు దయచేసి చెప్పగలరు.

సమాధానం (దస్తావేజు లేఖరి):
మీరు అడ్వాన్సుకు ముందే అడగడం మంచిదయిందండీ. ఎకరానికి 4,840 గజాలు కాబట్టి 60 లక్షల లెక్కన గజం సుమారు 1,240 రూపాయలు పడుతుంది. ఆ అంకె చూసి చాలామంది ఖర్చు తక్కువేనని సంబరపడి, తీరా రిజిస్ట్రేషన్ రోజున చలానా మొత్తం చూసి కంగారుపడతారు. మీరు కొంటున్నది చేను కాదు, ప్లాటు. పత్రంలోని షెడ్యూలులో ప్లాటు నంబరు, లేఅవుట్ అనుమతి నంబరు, నాలుగు వైపులా హద్దులు, గజాల్లో విస్తీర్ణం రాస్తాము కాబట్టి సబ్ రిజిస్ట్రార్ ఇళ్ల స్థలాల ధరనే తీసుకుంటారు. అంటే ప్రభుత్వ లెక్క ప్రకారం మీ ప్లాటు విలువ 16 లక్షలు.

అయితే సుంకం పడేది ఈ 16 లక్షల మీద కాదు. పత్రంలో రాసిన ధర, ప్రభుత్వ విలువ, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దాని మీదే పడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో విక్రయ పత్రానికి స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం, కలిపి 7.5 శాతం. మీరు 30 లక్షలకు కొంటున్నారు కాబట్టి 2,25,000 అవుతుంది. 16 లక్షలకైతే 1,20,000 అయ్యేది. మధ్యవర్తి ఆశ చూపిస్తున్నది ఈ 1,05,000 తేడాకే.

దానికోసం మీరు మోయవలసిన బరువు చూడండి. అసలు ధరను దాచి రాయడం స్టాంపు చట్టం ప్రకారం నేరం. స్థిరాస్తి అమ్మకంలో 20,000 లేదా అంతకు మించిన మొత్తాన్ని నగదుగా తీసుకుంటే, తీసుకున్నవారికి అంతే మొత్తం జరిమానా పడవచ్చు. నగదుగా ఇచ్చే మిగతా 14 లక్షలు ఇచ్చినట్టు మీ చేతిలో కాగితం ఉండదు, బేరం చెడితే అడగడానికి ఆధారమూ ఉండదు. రేపు మీరే అమ్మినప్పుడు కొన్న ధర 16 లక్షలుగానే లెక్కకు వస్తుంది కాబట్టి లాభం ఎక్కువగా కనిపించి, దాని మీద పన్ను కూడా మీరే కట్టవలసి వస్తుంది. మామూలుగా జరుగుతోందని ఎవరు చెప్పినా దయచేసి ఒప్పుకోకండి.

సమాధానం (పల్నాడు నుంచి ఒక పాఠకుడు):
లేఖరి గారు చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. వెబ్‌సైటులో విలువ కనిపించినంత మాత్రాన ఆ భూమిని అమ్మవచ్చని కాదు. మార్కెట్ విలువ పట్టిక ఊరికీ, సర్వే నంబరుకూ ధర చెబుతుందే తప్ప, యజమాని ఎవరో, భూమి చిక్కుల్లో ఉందో లేదో చెప్పదు. కాబట్టి రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ కింద నిషేధిత ఆస్తుల జాబితాలో ఆ సర్వే నంబరు ఉందేమో విడిగా చూడండి, ఈసీ (ఆ ఆస్తి మీద నమోదైన లావాదేవీలు చూపే ధ్రువపత్రం) కూడా తీయించండి. జిల్లా పేరు దగ్గర కూడా జాగ్రత్త వహించండి. 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 అయినప్పటినుంచి, పాత పత్రాల్లో గుంటూరు జిల్లా అని ఉన్న ఊరు ఇప్పుడు పల్నాడులోనో బాపట్లలోనో ఉండవచ్చు. అదే పేరుతో రెండు ఊళ్లున్న చోట, పొరపాటున వేరే మండలం విలువ చూసి లెక్కలు వేసుకున్నవారు నాకు తెలుసు.

ప్రశ్నించినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. మొత్తం ధర 30 లక్షలూ పత్రంలోనే రాయిస్తాము, అమ్మేవారితో కూడా ఇదే చెబుతాను. ఇంకొక సందేహం: మా బాబాయి గారికి అదే ఊళ్లో లోపలి వీధిలో ఒక పాత స్థలం, ప్రభుత్వ విలువ కంటే తక్కువకే వస్తోంది. అప్పుడేం చేయాలి?

సమాధానం (దస్తావేజు లేఖరి):
ఇలాంటివి కూడా ఉంటాయండీ, ముఖ్యంగా రోడ్డు వైపు స్థలాలకూ లోపలి స్థలాలకూ ఒకే ధర వేసిన చోట. సాధారణంగా ఎక్కువమంది ప్రభుత్వ విలువ మీదే సుంకం కట్టి పని పూర్తి చేసుకుంటారు. విలువ నిజంగా ఎక్కువగా ఉందని అనుకుంటే, స్టాంపు చట్టం 47ఏ సెక్షన్ కింద విలువ నిర్ణయానికి పంపించమని అడగవచ్చు. దానికి, ప్రభుత్వ విలువ మీద పడే సుంకానికీ రాసిన ధర మీద కట్టిన సుంకానికీ ఉన్న తేడాలో సగం ముందుగా జమ చేయాలి, తేలడానికి సమయం పడుతుంది. అయితే కొనేవారు ఆదాయపు పన్ను సంగతి కూడా చూసుకోవాలి. రాసిన ధర కంటే ప్రభుత్వ విలువ 10 శాతానికి మించి, 50,000 రూపాయలకు పైగా ఎక్కువైతే ఆ తేడాను కొన్నవారి ఆదాయంగా లెక్కిస్తారు. అమ్మేవారి లాభాన్ని కూడా, తేడా 10 శాతం దాటితే, ప్రభుత్వ విలువ ప్రకారమే లెక్కగడతారు. కాబట్టి బాబాయి గారిని అడ్వాన్సుకు ముందే ఆడిటరును కలవమనండి.

సమాధానం (నల్లగొండ నుంచి ఒక పాఠకురాలు):
తెలంగాణలో చూసుకునేవారికి: ఇక్కడ కూడా మొత్తం 7.5 శాతమే కానీ విడివిడిగా లెక్క వేరు, స్టాంపు డ్యూటీ 5.5, బదిలీ సుంకం 1.5, ఫీజు 0.5. వ్యవసాయ భూమి రిజిస్ట్రేషన్ తహసీల్దారు కార్యాలయంలో జరుగుతుంది, దాని వివరాలు ఒకప్పుడు ధరణి అనే భూ రికార్డుల పోర్టల్‌లో ఉండేవి, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన భూభారతిలో చూడాలి. ప్లాట్లు, ఇళ్లు, ఫ్లాట్లు రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో ఉంటాయి. ఇక్కడ 2021 జులైలోనూ, మళ్లీ 2022 ఫిబ్రవరిలోనూ విలువలు పెంచారు. కాబట్టి బేరం నాడు తీసి పెట్టుకున్న కాగితాన్ని నమ్మకుండా, రిజిస్ట్రేషన్‌కు స్లాట్ (సమయం) తీసుకునే రోజున మళ్లీ ఒకసారి చూసుకోండి.