జుర్రుడుత ఏడాది పొడుగునా ఏం తినాలి?

అచ్చంపేట బొమ్మలోడు
ఐదు నెలలుగా ఒక లోకం గీస్తున్నా. నల్లమలే, కాకపోతే అందులో తేనెపిట్టలు, గబ్బిలాలు లేవు. ఆ ఖాళీలోకి ఉడుత దిగి, కోటి ఏళ్లకు జుర్రుడుత అయింది. బెత్తెడు నాలుక, కొసన కుంచెలాంటి వెంట్రుకలు, పళ్లు నూకగింజంత, బరువు 400 గ్రాములు. ఈ పిచ్చి ఎక్కించింది మా అమ్మమ్మ వాళ్ల పొలం గట్టు మీది మోదుగ. ఆకు ఒక్కటి లేదు, చెట్టంతా మంటలాగ ఉంది. ఉడుత ఒకటి పువ్వులో మూతి పెట్టి తీస్తే మూతి నిండా పసుపు!
ఇబ్బంది ఏమిటంటే, ఫిబ్రవరి, మార్చిలో మోదుగ, బూరుగ ఉన్నాయి. తర్వాత ఇప్ప. వానలు పడ్డాక? బతుకమ్మ రోజుల్లో తంగేడు తేనె తాగిద్దామనుకుంటున్నా.

దేవరకొండ బాటనీ అక్క
తమ్ముడూ, పప్పులో కాలేశావు. తంగేడు పువ్వులో తేనె ఉండదు, ఉన్నదంతా పుప్పొడే. అదీ ఊరికే రాలదు. కేసరాల కొసన సన్నటి రంధ్రాలుంటాయి, తుమ్మెద పట్టుకొని ఝుమ్మని వణికిస్తే చిమ్ముతుంది. ఈసారి చెవి పెట్టి విను: ఎగిరేటప్పుడు మోత వేరు, పువ్వు మీద మోత వేరు.
అయినా నీకు కావాల్సింది పుప్పొడే. తేనె అంటే చక్కెర నీళ్లు, ప్రోటీన్ దాదాపు ఉండదు. అదొక్కటే తాగితే పిల్లలకు పాలెక్కడివి?

వనపర్తి వాగు
400 గ్రాములు మరీ ఎక్కువ అన్నా. ఆస్ట్రేలియాలో హనీ పోసమ్ అని ఒక చిన్న జంతువు ఉంది, తేనె, పుప్పొడే దాని తిండి. తూగేది పది గ్రాములు, అటూ ఇటూ. చలికి తిండి దొరక్కపోతే ఒళ్లు చల్లబరుచుకొని మొద్దునిద్ర పోతుంది. నీ వానాకాలానికి అది పనికొస్తుంది. ఇంతకీ బెత్తెడు నాలుక ఎక్కడ దాస్తున్నావు? ఈక్వడార్‌లో ఒక గబ్బిలానికి నాలుక ఒంటికంటే పొడుగు, పక్కటెముకల గూట్లోకి లాక్కుంటుంది.

అచ్చంపేట బొమ్మలోడు
నాలుక సంగతి అసలు తట్టనే లేదు, రొమ్ములోకి పంపిస్తా. పళ్లు మళ్లీ పెంచాలి. ఉడుత కోపమొస్తే పళ్లు కటకటలాడిస్తుంది కదా, అట్లనే తంగేడు కేసరం పట్టుకొని దవడ వణికిస్తే?

దేవరకొండ బాటనీ అక్క
తుమ్మెద సెకనుకు వందల సార్లు వణికిస్తుంది, దవడకు అంత వేగం రాదు. కొరికి తిననివ్వు. తంగేడుకు నష్టమేం లేదు. మధ్యలో పొట్టి కేసరాలుంటాయి, కింద పొడుగ్గా వంగినవి ఉంటాయి. తుమ్మెద పొట్టివి పిండుకుంటుంటే పొడుగువి దాని ఒంటికి పుప్పొడి పూస్తాయి. నీ ఉడుతకూ అదే లెక్క.

అచ్చంపేట బొమ్మలోడు
అంటే వీపు మీద మూడు చారల నిండా పుప్పొడి! అక్కా, ఈ రాత్రికి నిద్ర లేదు. బరువు మాత్రం తగ్గించను, వాగు తమ్ముడు ఏమన్నా అనుకోనీ.