చర్చ: దావీద్ బ్రూటస్‌ను పొగిడాడా, నిలదీశాడా?

కుంచెగీత: రాజును వెళ్లగొట్టి రోములో గణతంత్రాన్ని నిలబెట్టిన లూషియస్ జూనియస్ బ్రూటస్, ఆ రాజును మళ్లీ గద్దెనెక్కించే కుట్రలో చేరిన కన్నకొడుకులిద్దరికీ మరణశిక్ష వేయించాడు. వారి శవాలు ఇంటికి వచ్చిన క్షణాన్ని ఫ్రెంచి చిత్రకారుడు జాక్ లూయీ దావీద్ 1789లో చిత్రించాడు. ఇప్పుడది పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఉంది. ఆ తండ్రిని చీకట్లో ఎందుకు కూర్చోబెట్టాడంటారు?

పాతమాస్టారు: నీడ అవమానం కాదండీ. ఆయన కూర్చున్నది రోమా దేవత విగ్రహం నీడలో, అంటే రాజ్యం నీడలో. ఫ్రెంచి విప్లవం మొదట్లో బాస్టీ కోట కూలిన కొన్ని వారాలకే సలోన్ అనే పారిస్ చిత్ర ప్రదర్శనలో ఈ చిత్రాన్ని చూసిన జనానికి అందులో హంతకుడు కనబడలేదు, త్యాగమూర్తి కనబడ్డాడు.

బాటసారి: సీజర్‌ను పొడిచినవాడికి ఇంత మర్యాదా?

కుంచెగీత: ఆయన వేరు, ఈయన వేరు. ఇద్దరికీ నాలుగున్నర శతాబ్దాలకు పైగా ఎడం ఉంది.

గోదారిగట్టు: జనం ఏం చూశారన్నది వేరు, చిత్రకారుడు ఏం వేశాడన్నది వేరు. ఇది విప్లవానికి ముందే ఫ్రాన్సు రాజుగారి కొలువు నుంచి వచ్చిన పని. మాస్టారు గారు విగ్రహం దగ్గరే ఆగిపోయారు, కాస్త కిందికి చూడండి: ఒక పాదం మీద ఇంకో పాదం వేసుకుని కాలివేళ్లు బిగబట్టి కూర్చున్నాడు. వెలుగంతా కుడివైపున చేయి చాచిన తల్లి మీద, ఆమెను పట్టుకున్న కూతుళ్ల మీద, బల్లపై వదిలేసిన కుట్టుబుట్ట మీద పడింది. పొగడాలనుకున్నవాడు కుట్టుబుట్టకు ఇంత వెలుగు ఇస్తాడా?

పాతమాస్టారు: కాలివేళ్లను బట్టి తీర్పు చెప్పడం ఇదే మొదటిసారి వింటున్నాను. బిగిసిన వేళ్లు బాధను చెబుతాయి గాని పశ్చాత్తాపాన్ని కాదు. 1793లో ఆ ఫ్రాన్సు రాజు మరణశిక్షకు ఓటు వేసింది ఈ దావీదే.

గోదారిగట్టు: ఆ తర్వాత ఆయన భార్య విడిపోయిన సంగతి కూడా చెప్పండి. 1794లో విడాకులయ్యాయి, 1796లో మళ్లీ కలిశారు. నా సంగతీ చెబుతాను. పదో తరగతి పరీక్షల్లో తనిఖీకి వచ్చిన మా నాన్నగారు నా దగ్గరి చీటీ తానే పట్టుకుని నన్ను డిబారు చేయించారు. ఊరంతా ఆయనకు దండాలు పెట్టింది.

పాతమాస్టారు: వేరొకరి పిల్లవాణ్ణి పట్టుకుని మిమ్మల్ని వదిలేసి ఉంటే మీకు బాగుండేదేమో! సొంత కోపాన్ని తెచ్చి రోము మీద పోయకండి.

వెన్నెల: ఇద్దరూ కాస్త శాంతించండి.

గోదారిగట్టు: పట్టుకోవడం తప్పని నేను ఎక్కడా అనలేదు, మాస్టారూ. ఆ రాత్రి ఇంటికి వచ్చి, వంటింటి గడపలో కూర్చుని ఏడుస్తున్న మా అమ్మను దాటుకుని వెళ్లి అన్నం వడ్డించుకున్నారు. నాకు గుర్తున్నది అదే. బ్రూటస్ వేసిన శిక్షతో నాకు పేచీ లేదు. భార్య అక్కడ చేయి చాచి అరుస్తుంటే అటు తిరగడేం?

పాతమాస్టారు: తిరిగితే లేవలేడు కాబట్టి. రేపు మళ్లీ వెళ్లి ఆ పీఠం మీదే కూర్చోవాలి కదా!

గోదారిగట్టు: లేవలేడని మీకెవరు చెప్పారు? తిరిగి చూసిందెక్కడ?

బాటసారి: ఇంతకీ ఆ మధ్యలో ఉన్న ఖాళీ కుర్చీ ఎవరిది?

పాతమాస్టారు: కుర్చీ సంగతి తర్వాత. నీడ అవమానం కాదని నేను మొదట్లోనే చెప్పాను, దానికి ఇంతవరకు ఎవరూ జవాబివ్వలేదు.