నికాన్ ఎఫ్‌కు ఎఫ్36 మోటార్: ప్రోటోటైప్ అంటున్నారు, కొనొచ్చా?

ప్రశ్న (విజయవాడ): నికాన్ ఎఫ్ ఫిల్మ్ కెమెరా బాడీ, దానికి ఫిల్మ్‌ను దానంతటదే లాగే ఎఫ్36 మోటార్ డ్రైవ్ కలిపి అమ్మకానికొచ్చాయి. సీరియల్ నంబరు ముందు చిన్న ఎర్ర చుక్క ఉంది, అందుకే ప్రోటోటైప్ (అమ్మకానికి ముందు చేసిన నమూనా) అంటున్నారు. మోటార్ విడిగా డబ్బాలో ఉంది, సెల్లుల గ్రిప్పులో తెల్లటి పొడి పేరుకుంది. సెల్లులు వేసి నొక్కి చూడమంటారా?

జవాబు (గుంటూరు): ఇప్పుడే నొక్కకండి. ముందు ఆ చుక్క సంగతి. ఫోటోమిక్ ఎఫ్‌టిఎన్ ఫైండర్ (లైట్ మీటర్ ఉన్న వ్యూఫైండర్) పట్టేలా మార్చిన బాడీలకు ఫ్యాక్టరీలోనే పెట్టిన గుర్తు అది. మామూలు అమ్మకపు బాడీయే. 1959లో వచ్చిన ఎఫ్ నంబర్లు 6400001తో మొదలవుతాయి. ప్రోటోటైప్ ధర అడిగితే చుక్క చాలదు, కాగితాలు చూపించాలి.

అసలు చూడాల్సింది అడుగుభాగం. ఎఫ్ వెనక తలుపు, అడుగు కలిసే ఊడి వస్తాయి, వాటి స్థానంలో మోటార్ కూర్చుంటుంది. తలుపు తీసి చూడండి: మోటార్ పళ్లు అందుకునే రంధ్రాలున్న ప్లేటు బాడీకి వేసి ఉందా? ఈ మోటార్‌ను ఒక్కో బాడీకి విడిగా సరిచేసి బిగించేవారు. వేరే బాడీది తెచ్చి తగిలిస్తే షట్టర్ మూసుకోకముందే మోటార్ ఫిల్మ్ లాగొచ్చు. అప్పుడు గేర్లు పోతాయి. 1971లో వచ్చిన ఎఫ్2కి ఈ బాధ లేదు, దాని మోటార్ ఏ ఎఫ్2కైనా పట్టుకుంటుంది.

మరొకరు (విజయవాడ): తెల్ల పొడి ఆల్కలైన్ సెల్లు కారినదైతే అది క్షారం. దూది పుల్లను వెనిగర్‌లో కొద్దిగా ముంచి రుద్దండి, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. స్ప్రింగులకు ఆకుపచ్చ పూత ఉంటే గీకి మెరిపించండి. గ్రిప్పుకు ఎనిమిది ఏఏ సెల్లులు, మొత్తం 12 వోల్టులు. రీచార్జబుల్ వేస్తే 9.6 వోల్టులే, మోటార్ మందగిస్తుంది. దాన్నే లోపం అనుకోకండి.

ప్రశ్న అడిగినవారు: తలుపు తీశానండి. బాడీ అడుగున మామూలు ప్లేటే ఉంది, రంధ్రాలు లేవు.

గుంటూరు: అయితే అవి జతగా పనిచేసినవి కావు, విడివిడిగానే లెక్కగట్టండి. బాడీని చేత్తో వైండ్ చేసి అన్ని షట్టర్ వేగాల్లో చూసుకోండి.

ఎప్పుడైనా ప్లేటు మార్పించి, మెకానిక్ చేత సరిచేయించాకే మోటార్ నడపాలి. మొదటిసారి ఫిల్మ్ లేకుండా: మోటార్ వేగం డయల్ అన్నిటికన్నా తక్కువైన 'ఎల్' మీద, షట్టర్ 1/125, మీట 'ఎస్' మీద, కౌంటర్ 10 మీద. ఒక్కో నొక్కుకు ఒక్కసారే కొట్టి, వైండ్ చేసి ఆగాలి. కీచుమన్నా, సగంలో ఆగినా వెంటనే సెల్లులు తీసేయండి. అన్నిటికన్నా ఎక్కువైన 'హెచ్' మీద సెకనుకు నాలుగు ఫోటోలు, దానికి కెమెరా లోపలి అద్దం పైకి లాక్ చేసి తీరాలి.

ఫిల్మ్ వేశాక కౌంటర్ ముఖ్యం. అది వెనక్కి లెక్కపెట్టి సున్నా దగ్గర మోటార్‌ను ఆపుతుంది. 24 రోలుకు 36 పెట్టారంటే చివర్లో ఫిల్మ్ అంచు రంధ్రాలు చిరుగుతాయి, ఒక్కోసారి ఫిల్మే స్పూలు నుంచి ఊడిపోతుంది.